అనపకాయల కాలం

ధనుర్మాసం వచ్చిందంటే బాగేపల్లి, చింతామణి సంతల్లో అనపకాయల వాసనే ముందుగా పలకరిస్తుంది. గింజలు నానబెట్టి, పొట్టు పితికి కాచిన పితికిపప్పు పులుసు, రాగిముద్ద మనకు పండుగ భోజనం.

ఈ కాయనే కన్నడిగులు అవరెకాయి అంటారు. దీనికో కథ ఉంది. దారితప్పిన హొయ్సళ రాజు వీరబల్లాళుడికి ఓ అవ్వ ఉడికిన గింజలు పెట్టిందట. ఆ 'బెందకాళూరే' బెంగళూరు అయిందట. కథ బాగుంది. కానీ బల్లాళుడు గద్దెనెక్కింది 1173లో. బేగూరులో సుమారు క్రీ.శ. 890 నాటి వీరగల్లు మీద బెంగళూరు పేరు అప్పటికే ఉంది.

మరి అనప చరిత్ర ఎక్కడుంది? మన రాగిచేలో ఉంది. పెద్దలు రాగి సాళ్ళ నడుమ అనప వేసేవారు. పాతరకం పగటిపొద్దు తగ్గితేగాని పూత పట్టదు. అందుకే రాగి కోశాక కాయ చేతికొచ్చేది. నేలకూ సత్తువ మిగిలేది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పగటి పొడవుతో పనిలేని రకాలు తెచ్చాక, కాలం కాని కాలంలోనూ కాయ దొరుకుతోంది. రైతుకు అది మేలే. అయితే రాతి శాసనం తనంతట నిలుస్తుంది; పాత విత్తనం ఏటా విత్తితేనే నిలుస్తుంది. ఈ సంక్రాంతికి నాలుగు చెట్లు కోయకుండా విత్తనానికి ఎండనివ్వండి. సెలవు.