అశ్వాపురంలో హెవీ వాటర్ రోజులు

ఇప్పుడంటే అశ్వాపురం పేరెత్తగానే హెవీ వాటర్ ప్లాంటు అని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. కట్టే రోజుల్లో అట్లా కాదు బిడ్డా. "గోదారి నీళ్లతో అణుబాంబు చేస్తారంట" అని ఊళ్లల్లో ఒకటే గుసగుస. అందులో యురేనియం రవ్వంత కూడా ఉండదురా నాయనా, ఉండేదల్లా నీళ్లూ ఒక పాడు గ్యాసూ అని నెత్తీ నోరూ కొట్టుకున్నా నమ్మేవాళ్లు కాదు. ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యి, మొదటినుంచీ చెబుతా.

అసలు కథ బొంబాయిలో మొదలైంది. హోమీ భాభా అనే పెద్దాయన పట్టుబట్టి ట్రాంబేలో రియాక్టరు కట్టించాడు. 1956 ఆగస్టు 4న అది పనిచేయడం మొదలుపెట్టింది. అప్సర అని నెహ్రూగారే పేరు పెట్టారు. అది పరిశోధన కోసం, కరెంటు కోసం కాదు. కరెంటుకు తారాపూర్‌లో అమెరికా జీఈ కంపెనీ రెండు రియాక్టర్లు కట్టింది, 1969లో నడక మొదలైంది. వాటికి కావలసిన ఎన్‌రిచ్ చేసిన యురేనియం కూడా అమెరికానే ఇవ్వాలి. రాజస్థాన్‌లో రావత్‌భాటా దగ్గర కెనడా వాళ్ల సాయంతో ఇంకోరకం మొదలుపెట్టారు. దానికి మామూలు యురేనియం చాలు. కానీ మామూలు నీళ్లు పనికిరావు, హెవీ వాటర్ కావాలి. ఒక్కో రియాక్టరుకి రెండొందల టన్నులకు పైమాటే. ఇవేవీ పూర్తిగా చూడకుండానే భాభా 1966 జనవరిలో విమానం ఆల్ప్స్ కొండల్లో కూలి పోయాడు.

1974 మే 18న పోఖ్రాన్‌లో మనవాళ్లు అణుపరీక్ష చేశారు. దేశమంతా సంబరం. కెనడా మాత్రం మూటాముల్లె సర్దుకుంది. రావత్‌భాటాలో ఒకటో యూనిట్ నడుస్తోంది, రెండోది సగంలో ఉంది. దాన్ని మనవాళ్లే కిందామీదా పడి 1981కి పూర్తి చేశారు. అమెరికా 1978లో చట్టం తెచ్చి తారాపూర్ ఇంధనానికి అడ్డం పడింది. తర్వాత ఫ్రాన్సు ఇచ్చింది కాబట్టి గడిచింది. హెవీ వాటర్ కోసం రష్యా వాళ్లని అడుక్కోవాల్సి వచ్చింది. ఊరికే ఎవరిస్తారు? లోపలికొచ్చి తనిఖీలు చేయనివ్వాలని షరతులు పెట్టారు.

అందుకే సొంత ప్లాంట్లు. బరోడా, ట్యుటికోరిన్, తాల్చేర్... వీటిని ఎరువుల ఫ్యాక్టరీలకు ఆనించి కట్టారు. ఎరువుల ఫ్యాక్టరీ ఆగితే ఇదీ ఆగేది, పక్కింటి పొయ్యి మీద మన కుండ పెట్టినట్టు. ఆ బాధ లేకుండా, ఎరువుల ఫ్యాక్టరీతో పనే లేకుండా కోటా దగ్గర ఒకటి, మన మణుగూరు దగ్గర ఈ అశ్వాపురంలో ఒకటి కట్టారు. ఇక్కడే ఎందుకంటే ఇటు గోదారి నీళ్లు, అటు సింగరేణి బొగ్గు. 1991లో మనది నడవడం మొదలైంది.

మామూలు నీళ్లల్లో హెవీ వాటర్ పాలు ఏడు వేలకు ఒక వంతు ఉంటుంది, అంతే. దాన్నీ మొత్తం లాగలేం. ఒక్క లీటరు తియ్యాలంటే పదుల వేల లీటర్ల గోదారి నీళ్లు లోపలికి పోవాలి. ఆకాశమంత టవర్లలో పైనుంచి నీళ్లు దిగుతుంటే కిందినుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు ఎక్కుతుంది. హెవీ వాటర్లో ఉండే బరువు హైడ్రోజన్ ఉంది చూడు, అది చల్ల టవర్లో గ్యాసు నుంచి నీళ్లలోకి దిగుతుంది, వేడి టవర్లో నీళ్ల నుంచి గ్యాసులోకి ఎక్కుతుంది. అట్లా ఎక్కించి దించి, ఎక్కించి దించి, చిక్కబరిచి, చివర్న స్వేదనం చేస్తే హెవీ వాటర్. చూస్తే మామూలు నీళ్లే, రంగూ లేదు వాసనా లేదు.

వాసనంతా ఆ గ్యాసుదే. కుళ్లిన కోడిగుడ్ల కంపు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ముక్కు మూసుకుంటే మేం నవ్వేవాళ్లం. "కంపు కొడుతున్నంతసేపూ భయం లేదురా, కంపు ఆగిపోయిందంటే పరుగెత్తు" అని చెప్పేవాళ్లం. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ఇంకాస్త పీలిస్తే మనిషి అక్కడే పడిపోతాడు. అందుకే లోపలికి ఒంటరిగా ఎవర్నీ పోనిచ్చేవాళ్లు కాదు. ఇద్దరు జోడీగానే వెళ్లాలి, నడుముకు మాస్కు ఉండాల్సిందే. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డగొట్టం పైన ఎగురుతుండేది. లోపలికి పోయేముందు తలెత్తి దాన్ని చూడటం మాకు అలవాటైపోయింది. రిటైరయ్యాక కూడా గుళ్లో ధ్వజస్తంభం చూసినా నా చూపు గాలివాటు వెతికేది, మీ నాయనమ్మ నవ్వేది.

హైదరాబాద్ వాళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు. మౌలాలి పక్కన ఎన్ఎఫ్‌సీ అనే అణు ఇంధన ఫ్యాక్టరీని 1971లో పెట్టారు. జాదూగూడ గనుల యురేనియాన్ని అక్కడ సుద్దముక్క కంటే చిన్న బిళ్లలుగా కాల్చి, జిర్కోనియం గొట్టాల్లో నింపి, కట్టలుగా కట్టి హెవీ వాటర్ రియాక్టర్లకు పంపుతారు. ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు కొన్న మీ బాబాయికి ఆ ఏ.ఎస్.రావు ఎవరో తెలుసా, అడుగు. ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. మోగల్లు అనే ఊళ్లో పుట్టినాయన. రియాక్టర్ల కంట్రోల్ పరికరాలు ఆ కంపెనీలోనే తయారయ్యాయి.

అన్నీ గొప్పలే చెప్పను. 1993 మార్చి 31 తెల్లవారుజామున నరోరా అణు కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. ప్లాంటులో కరెంటు పోయింది. మనవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి, రియాక్టరు మళ్లీ రాజుకోకుండా చేత్తో బోరాన్ ద్రావణం వదిలారు. మరుసటేడు కైగాలో కడుతున్న రియాక్టరు గుమ్మటం లోపలి పెచ్చు కూలింది. 2000 కల్లా పదివేల మెగావాట్లు అని ఊరించారు. ఆ ఏడు వచ్చేసరికి మూడు వేలు కూడా దాటలేదు. అంతా పరాయి దేశాలవాళ్లు ఆపారనడం తప్పు. పైసలు చాలకపోవడం, పనుల్లో జాప్యం, అవి మనవే.

కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఒకప్పుడు హెవీ వాటర్ కోసం చెయ్యి చాచిన దేశం తర్వాత దక్షిణ కొరియాకూ, ఆఖరికి అమెరికాకూ అమ్మింది. ఇంత చేసినా ఈ దేశంలో వంద యూనిట్ల కరెంటులో అణువు నుంచి వచ్చేది ఇప్పటికీ మూడు యూనిట్లే. ఇక మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అణు విద్యుత్తు కేంద్రం ఒక్కటీ లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కడతామని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు.