కాటుక రేకుల పొడ

కృష్ణా డెల్టాలో పాముకాటు కథ చాలావరకు వరిచేల కథే. 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట లేచింది, కాలువల కింద వరి పెరిగింది. గింజ ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట రక్తపింజర. గట్టు మీది గడ్డిలో చుట్టచుట్టుకుని కదలకుండా పడుకుంటుంది. అడుగు మరీ దగ్గరైతే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది.

ఈ పాము ఒకప్పుడు తెలుగు పేరుతోనే లండన్ వెళ్లింది. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన ప్యాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు పాములపై 1796లో వెలువరించిన గ్రంథంలో దీన్ని 'కాటుక రేకుల పొడ' అని రాశాడు. కాటుక దిద్దినట్టుండే ఆ మచ్చల వరుసలకు అతికినట్టు సరిపోయే పేరు. మరుసటి ఏడాదే జంతుశాస్త్రవేత్త జార్జ్ షా దానికి రస్సెల్ పేరు తగిలించాడు. పల్లెజనం పెట్టిన పేరు మరుగున పడింది. ఆ విషయంలో 'బంగారు పాము' అనే తెలుగు పేరు నయం, కట్లపాముల శాస్త్రీయ నామంలో 'బంగారస్'గా నేటికీ బతికి ఉంది.

కాటు పడితే పైన తాడు బిగించడం, పసరు పోయడం, మంత్రం వేయించడం ఊళ్లలో తరాల ఆనవాయితీ. మంత్రానికి పేరు ఊరికే రాలేదు: కరిచేవాటిలో నీరుకట్టు లాంటి విషం లేనివి చాలా ఉన్నాయి, పింజర కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. అసలు కాటు పడినప్పుడే మంత్రాలతో గడిపిన ఆ గంటలు ఖరీదవుతాయి. పింజర విషం రక్తాన్ని లోలోపలే గడ్డకట్టించి, చివరికి గడ్డకట్టే గుణాన్నే హరించేస్తుంది. బీపీ పడిపోతుంది, మూత్రపిండాల నాళికలు దెబ్బతింటాయి. ప్రాణం నిలిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాక మూత్రం తగ్గి, ముఖం ఉబ్బుతుంది.

కందిరీగలు గుంపుగా కుట్టినా మూత్రపిండాలకు ఇదే గతి పట్టవచ్చు. కండరాలూ ఎర్రకణాలూ చితికి, వాటి వర్ణకాలు నాళికలకు అడ్డుపడతాయి. మూత్రం టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. నలిగిన కండరం మూత్రపిండాన్ని ఆపేస్తుందని 1941లో, లండన్‌పై బాంబులు పడ్డ రోజుల్లో, శిథిలాల కింద చిక్కినవారిని పరీక్షించి బైవాటర్స్, బీల్ అనే పరిశోధకులు రాశారు. రెండేళ్లకు నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే వైద్యుడి డయాలిసిస్ యంత్రం తయారైంది. కందిరీగ విషానికి మన ఆసుపత్రుల్లో విరుగుడు మందు లేదు. మూత్రం ఆగితే ఆ యంత్రమే దిక్కు. పాముకు మాత్రం గుర్రాల రక్తం నుంచి తీసిన విరుగుడు ఉంది.

2018 ఆగస్టులో ఇదే కృష్ణా డెల్టాలోని దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పయాగమూ జరిగింది. ఆసుపత్రుల్లో పింజర కాటును పట్టే పద్ధతి చాలా సాదా: పొడి గాజు టెస్ట్‌ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచినప్పుడు గడ్డ నిలవక నీళ్లలా జారితే విరుగుడు ఎక్కిస్తారు. ఆ తర్వాత కూడా మంచం పక్కన సంచిలో చేరే మూత్రాన్ని కొన్ని రోజులపాటు కొలుస్తూనే ఉంటారు.