మనశ్శాస్త్రము – దాని శాఖలు

బాలుడు పాఠము మఱచినను, పైరెండిన రైతు రాత్రులు నిద్రపట్టక పొరలినను, రెండు వర్గములు పగబట్టినను మనము “బుద్ధి సరిగా లేదు” అను ఒక్క మాటతో తేల్చివేయుదుము. ఇవి వేఱువేఱు సంగతులనియు, ఒక్కొక్కదానిని వేఱుగా పరీక్షింపవలయుననియు గుర్తించిన పిమ్మటనే మనశ్శాస్త్రము శాఖలుగా చీలినది. ఆ కథ నూటయేబది యేండ్లకు మించినది కాదు.

పూర్వము మనసును గూర్చిన విచారణ వేదాంత తర్కములలో నొక భాగము. పతంజలి చిత్తవృత్తులను విభజించెను గాని వానిని కాలమానముతో కొలువలేదు. కొలిచి చూచు పద్ధతి 1879లో జర్మనీ దేశపు లైప్జిగ్ నగరమున విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పుటతో స్థిరపడినది. ప్రయోగాత్మక మనశ్శాస్త్రమునకు అదియే పుట్టినిల్లు. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అను మఱియొక జర్మను పండితుడు అర్థములేని అక్షరకూటములను తానే వల్లించి, ఎంత కాలమున కెంత మఱచునో లెక్కకట్టెను. మఱపు తొలి గంటలలోనే అధికమనియు, ఎడమిచ్చి పలుమాఱులు చింతన చేసినదే నిలుచుననియు తేలెను. ఉదయమున అమరము వల్లించి సాయంకాలమున అప్పగించినవారికి ఇది వింతగా తోపదు.

ఇచ్చట ప్రొద్దుటూరి మాట చెప్పక తప్పదు. శివభారత కర్తలగు గడియారము వేంకటశేషశాస్త్రిగారును, రాణాప్రతాపసింహ చరిత్ర కర్తలగు దుర్భాక రాజశేఖర శతావధానిగారును నివసించిన పట్టణమది. అష్టావధానమున ఒకరు అక్షరములు నిషేధించుచుండగా, ఒకరు సమస్య నొసగుచుండగా, ఒకరు గంట కొట్టుచుండగా, వేఱొకరు అప్రస్తుత ప్రసంగముతో చీకాకు పెట్టుచుండగా అవధాని పద్యములల్లి, తుదకు అన్నిటిని ధారణ చేయవలయును. అమెరికా పండితుడు జార్జి మిల్లర్ 1956లో, మనుజుడు ఒక్కమాఱు విని పట్టుకొనగలవి ఏడంశములకు ఒకటి రెండు అటునిటు మాత్రమేయనియు, గుంపులుగా కూర్చుకొన్నచో ఎక్కువ పట్టుననియు వ్రాసెను. గణములు, యతిప్రాసలు అవధానికి చేయు సాయమదియే యని నా తలంపు. అవధానము, ధారణ, ఆలోచన అనువానిని శోధించు శాఖకు సంజ్ఞానాత్మక మనశ్శాస్త్రమని పేరు.

చికిత్సాశాఖ పుట్టుక ఉపాధ్యాయులు వినదగినది. 1896లో ఫిలడెల్ఫియా నగరమున లైట్నర్ విట్మర్ అను ఆచార్యుని కడకు ఒక పంతులమ్మ పదునాలుగేండ్ల బాలుని తీసికొని వచ్చెను. ఎంత నేర్పినను వానికి వర్ణక్రమము రాదు. పరీక్షింపగా కన్నులలో దోషము బయటపడెను. కండ్లద్దములు పెట్టించి, విడిగా చదువు చెప్పగా వాడు కొంత మెఱుగుపడెను. ప్రపంచమున తొలి మనోచికిత్సాలయము ఇట్లారంభమైనది. జమ్మలమడుగు పల్లెలలో “మొద్దు” అనిపించుకొని బడి మానినవారిలో ఎందరికి కండ్లద్దములే చాలియుండెడివో! 1905లో పారిసు నగరమున బినే, సిమోనులు కూర్చిన ప్రజ్ఞాపరీక్షయు వెనుకబడిన పిల్లలకు తగిన చదువు చెప్పుటకు పుట్టినదే. పిదప దానిని పిల్లల నొసట ముద్రవేయుటకు వాడిరి. అది బినే దోషము కాదు. వయసుతోడి మార్పులను చూచునది వికాస మనశ్శాస్త్రము, తరగతిలో అక్కఱకు వచ్చునది విద్యా మనశ్శాస్త్రము.

ఇక సాంఘిక మనశ్శాస్త్రము. పులివెందుల సీమ కక్షల నెఱిగినవారు దీనిని శ్రద్ధగా వినవలయును. 1954లో ముజఫర్ షెరీఫ్ అను తుర్కీదేశజుడు అమెరికాలోని ఓక్లహోమాలో, ఒకరినొకరెఱుగని బాలురను రెండు జట్లుగా వేసవి శిబిరమున నుంచెను. వారికి తాతలనాటి పగ లేదు, గట్టు తగవు లేదు. పోటీలు పెట్టినంతనే తిట్లు, జెండా కాల్చుట, బసలపై దాడులు! తరువాత శిబిరమునకు నీరు రాకుండ చేసిరి. ఉభయులు కలిసి వెదకి సరిచేసికొనిరి. ఇట్టి ఉమ్మడి పనులు మఱికొన్ని జరిగిన పిమ్మట వైరము తగ్గెను.

మన దేశమున ఈ విద్యకు 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున సేన్‌గుప్తగారి నేతృత్వమున ప్రత్యేక విభాగమేర్పడెను. అచ్చటనే గిరీంద్రశేఖర బోసు 1922లో మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. మైసూరున 1924లో విభాగము నారంభించిన గోపాలస్వామిగారు 1935లో తమ యింటినుండి రేడియో ప్రసారములు చేసి దానికి ఆకాశవాణి యను పేరు పెట్టిరి. ఆ పేరే పిదప దేశమంతటి రేడియోకు వచ్చినది. మీరు ఈ ప్రసంగము వినుటలో ఒక మనశ్శాస్త్రజ్ఞుని పాలున్నదన్నమాట.

రోగముగా పరిణమించిన మనోవ్యథను శోధించునది అపసామాన్య మనశ్శాస్త్రము. మందిచ్చువాడు మానసిక వైద్యుడు. మాటలతోడను అభ్యాసములతోడను కుదుర్చువాడు చికిత్సా మనశ్శాస్త్రజ్ఞుడు. బెంగుళూరి నిమ్హాన్స్ సంస్థలో ఇరువురును గలరు. 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు దేశమున ఎన్నిన తొలి నాలుగు జిల్లాలలో మన తెలుగువారి మెదక్ ఒకటి. 2017 నాటి చట్టము ఇట్టి చికిత్సను ప్రజల హక్కుగా చేసెను. మూడేండ్లు వానలేక, అప్పు తీరక, అన్నము సహింపక మూలన కూర్చున్న రైతును భూతవైద్యుని యింటికి నడిపింపకుడు. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును; రుసుము లేదు.