గోవా ట్రాన్స్: తీరయాత్ర, సంగీత రూపం

ఒక సంగీత ప్రక్రియకు ఒక ప్రాంతం పేరు స్థిరపడితే ఆ ప్రాంతపు సంగీత సంప్రదాయమే దానికి మూలమని భావించడం సహజం. ‘గోవా ట్రాన్స్’ విషయంలో ఈ భావన నిలవదు. కొంకణి మాండో గీతాలతో దీనికి జన్యసంబంధం లేదు. దీని ముడిసరుకు యూరప్ ఎలక్ట్రానిక్ సంగీతం. ఆ సరుకుకు ప్రత్యేక రూపాన్ని ఇచ్చినవి తీరయాత్రలోని భౌతిక పరిస్థితులు.

1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన అంతమైన గోవాకు ఆ దశాబ్ది చివరి నుంచి పాశ్చాత్య హిప్పీల రాక పెరిగింది. ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా భూమార్గాన భారతదేశం చేరినవారిలో పలువురు బొంబాయి నుంచి స్టీమరులో పణజికి వచ్చేవారు. అంజునా తీరం వారికి శీతకాలపు విడిది అయింది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సేనల ప్రవేశం ఆ మార్గాన్ని దాదాపు మూసివేశాయి. విమానయానం ప్రధానమైంది. 1980 దశకం తొలినాళ్లలో తీరపు నృత్యాలలో రాక్ సంగీతం స్థానంలోకి ఎలక్ట్రానిక్ సంగీతం వచ్చింది. గాత్రాన్ని తొలగించి, వాద్యభాగాలను మాత్రమే కూర్చిన టేపులు ప్రచారంలోకి వచ్చాయి.

ఇక్కడ వాహకం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వినైల్ రికార్డులు బరువైనవి. ఎండకు వంగుతాయి, దుమ్ముకు పాడవుతాయి. అందువల్ల మొదట క్యాసెట్లు, తరువాత డిజిటల్ ఆడియో టేపులు వాడుకలోకి వచ్చాయి. రికార్డుల మాదిరిగా వేగాన్ని సవరించి రెండు రచనల లయలను కలపడం ఈ టేపులతో కష్టం. ఈ పరిమితి కారణంగా లయ లేని దీర్ఘమైన ఉపక్రమ, ఉపసంహారాలు రచనలో భాగమయ్యాయి. వర్షాకాలానికి ముందే తీరం విడిచిన సంగీతకారులు యూరప్‌లో కొత్త రచనలు చేసి మరుసటి శీతకాలానికి తిరిగి తెచ్చేవారు. ఆ విధంగా ఈ సంగీత సంవత్సరాన్ని రుతుపవనాలే విభజించాయి.

1993లో లండన్‌లో డ్రాగన్‌ఫ్లై రికార్డ్స్ వంటి సంస్థలు ఏర్పడిన తరువాత ‘గోవా’ అనేది ఒక వ్యాపారనామం కూడా అయింది. అయితే ఆ పేరు గల ప్రజలకు ఈ కథనంలో దక్కిన స్థానం స్వల్పం. నృత్యస్థలి అంచున చాపలు పరచి తెల్లవార్లూ టీ అమ్మిన స్థానిక స్త్రీలు వర్ణనలలో నేపథ్యంగానే మిగిలారు. గోవా గిల్ (1951–2023) ఈ నృత్యాన్ని ప్రాచీన సామూహిక క్రతువుకు పునరుజ్జీవనంగా వ్యాఖ్యానించాడు. అందరినీ ఏకం చేసే క్రతువు అన్న ఈ భావనను అరుణ్ సల్దాన్హా గ్రంథం (2007) ప్రశ్నిస్తుంది. వేకువ తరువాత నృత్యస్థలి శ్వేతజాతి యాత్రికుల వశమై, భారతీయ సందర్శకులు అంచులకు జరగడాన్ని ఆయన అంజునాలో పరిశీలించాడు.

కనుక గోవా ట్రాన్స్ చరిత్రను కళాకారుల జీవితాలకే పరిమితం చేయడం అసమగ్రం. మార్గం, వాహకం, రుతువు ఆ సంగీత రూపాన్ని వివరిస్తాయి. ఆ తీరంలో ఎవరు నర్తించారు, ఎవరు శ్రమించారు అన్న ప్రశ్న ఆ పేరును వివరిస్తుంది.