తెల్లవారుజాము విమానం – కూర్చున్న కాళ్ల చరిత్ర

మా మేనల్లుడికి నలభై ఆరేళ్లు. కంపెనీ పని మీద అయిదు రోజులు జర్మనీ వెళ్లవలసి వచ్చింది. విమానం తెల్లవారుజామున మూడు గంటలకు. సాయంత్రం ఏడింటికి ఖమ్మంలో కారెక్కాడు. పదకొండింటికి శంషాబాదు చేరి, వరుసలన్నీ దాటి, మిగిలిన సమయం కుర్చీలో గడిపాడు. విమానంలో కిటికీ పక్క సీటు. ఎక్కగానే దుప్పటి కప్పుకొని నిద్రపోయాడు. పక్కనున్న ఇద్దరినీ లేపడానికి మొహమాటపడి, తొమ్మిది గంటల ప్రయాణంలో ఒక్కసారి మాత్రమే లేచాడు. లెక్క వేస్తే ఖమ్మం నుండి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పదిహేడు గంటలు, అందులో అధికభాగం కూర్చునే.

మూడవ రోజున అక్కడి నుండి ఫోను చేశాడు. "మామయ్యా, ఎడమ పిక్క పట్టేసినట్లుంది" అన్నాడు. "కొత్త బూట్లతో బాగా నడిచి ఉంటావు, వేడి కాపడం పెట్టు" అన్నాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రులలో పని చేసినవాడిని. రెండు ప్రశ్నలు అడిగి ఉండవలసింది. అడగలేదు. అతను తిరిగి వచ్చాక చూస్తే ఆ పిక్క రెండవదాని కన్నా స్పష్టంగా లావుగా ఉంది. డాప్లర్ స్కాన్‌లో మోకాలి వెనుక సిరలో రక్తపు గడ్డ కనిపించింది. అప్పటికే అతను ఆ గడ్డతో మరో తొమ్మిది గంటలు విమానంలో కూర్చొని వచ్చాడు. నా మాట విని.

ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరలేదు కనుక ఈ వ్యాసం ఇలా వ్రాయగలుగుతున్నాను. ఈ జబ్బు చరిత్ర నాకు తెలియనిది కాదు. తెలిసీ పొరబడినందుకే దానిని మొదటి నుండి చెప్పాలనిపించింది.

కాళ్లలోని రక్తం గుండెకు తిరిగి చేరాలంటే పైకి ఎక్కాలి. దానిని ప్రధానంగా నెట్టేది పిక్క కండరమే. మనం అడుగు వేసినప్పుడల్లా అది సిరలను పిండుతుంది. సిరలలోని కవాటాలు రక్తాన్ని వెనక్కు జారనివ్వవు. కదలక కూర్చుంటే ఈ పంపు ఆగిపోతుంది, రక్తం నిలుస్తుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కోవ్ 1856 నాటికే కాలి సిరలలో పుట్టిన గడ్డ తెగి, ప్రవాహంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల ధమనిని మూసివేయగలదని నిరూపించాడు. అయితే మంచాన పడిన రోగులకు, బాలింతలకు, శస్త్రచికిత్స జరిగినవారికి వచ్చే జబ్బుగానే వైద్యులు దానిని చాలాకాలం భావించారు. ఆరోగ్యంగా తిరిగే మనిషికి కేవలం కుర్చీ వలన రాగలదన్న ఊహ బలపడడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది.

1940 సెప్టెంబరులో జర్మన్ విమానాలు లండన్ మీద రాత్రి వేళల బాంబులు కురిపించసాగాయి. జనం సురక్షిత స్థలాలలో తలదాచుకున్నారు. పడుకోవడానికి చోటు లేక ఎందరో మడత కుర్చీలలో కూర్చొనే తెల్లవార్లూ గడిపేవారు. ఆ కుర్చీకి గుడ్డ సాగదీసి కట్టి ఉంటుంది. ముందువైపు చెక్క బద్ద సరిగ్గా తొడల కింద, మోకాళ్ల వెనుక ఒత్తుతుంది. తెల్లవారి లేచి నాలుగడుగులు వేసినవారిలో కొందరు ఉన్నట్టుండి కుప్పకూలేవారు. శవపరీక్షలు చేసే కీత్ సింప్సన్ అనే వైద్యుడు ఈ మరణాలను గమనించాడు. ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడి చనిపోయినవారు అంతకు ముందటి ఏడాది అదే కాలంతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు పెరిగారని ఆ ఏడాది చివరలో లాన్సెట్ పత్రికలో వెల్లడించాడు. కుర్చీలకు బదులు పడుకునే మంచాలు ఇవ్వాలన్నాడు. బాంబు పడని చోట, బాంబుకు భయపడి కూర్చున్నందుకు మనుషులు పోయారు. వైద్య చరిత్రలో నన్ను ఇంతగా కలచివేసిన వ్యాసాలు తక్కువ.

యుద్ధం ముగిశాక మడత కుర్చీలు పోయి విమానపు సీట్లు వచ్చాయి. 1954లో బోస్టన్ శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ అయిదుగురు రోగుల గురించి వ్రాశాడు. ఇద్దరికి విమాన ప్రయాణం తరువాత, ఇద్దరికి కారు ప్రయాణం తరువాత, ఒకరికి నాటకశాలలో కూర్చున్న తరువాత కాలి సిరలలో గడ్డలు ఏర్పడ్డాయి. విమానమెక్కిన ఇద్దరిలో ఒకరు పద్నాలుగు గంటలు ప్రయాణించిన యాభై నాలుగేళ్ల వైద్యుడు! మా తరం విద్యార్థులకు హోమన్స్ పేరు కంఠస్థం. పాదాన్ని పైకి వంచితే పిక్కలో నొప్పి వస్తే 'హోమన్స్ చిహ్నం' అని పరీక్షలలో వ్రాసేవాళ్లం. ఆ చిహ్నం మీద ఆధారపడరాదని తరువాత తేలింది. గడ్డ ఉన్నా నొప్పి రాకపోవచ్చు, లేకున్నా రావచ్చు. ఆయన వ్రాసిన వాటిలో నిలిచే మాటను వదిలి, నిలవని చిహ్నాన్ని మేము బట్టీ పట్టాం.

ఇక్కడ విమానాల సంగతి కొంత చెప్పాలి. 1948 జూన్ 8న బొంబాయి నుండి లండన్ బయలుదేరిన ఎయిర్ ఇండియా తొలి అంతర్జాతీయ విమానం కైరోలోను, జెనీవాలోను ఆగింది. ఆగినప్పుడు ప్రయాణికులు దిగి నడిచేవారు. జెట్ విమానాలు వచ్చాక మజిలీలు తగ్గాయి, దూరాలు పెరిగాయి. 2021 జనవరిలో హైదరాబాదు నుండి షికాగోకు నేరుగా విమానం మొదలైనప్పుడు అందరం సంతోషించాం. అంటే పదహారు గంటలు ఒకే సీటు. ఇక మన దగ్గర ఈ విమానాలు అర్ధరాత్రి దాటాకే ఎందుకు బయలుదేరతాయని చాలామంది విసుక్కుంటారు. ఐరోపాలోని పెద్ద విమానాశ్రయాలలో చాలావాటికి రాత్రి వేళ రాకపోకల మీద ఆంక్షలున్నాయి. అక్కడ ఉదయాన దిగి, పగటి విమానాలను అందుకోవాలంటే ఇక్కడ రెండు మూడింటికి ఎగరక తప్పదు. దాని వలన ప్రయాణికుడు రాత్రంతా మేలుకొని ఎక్కుతాడు, ఎక్కగానే నిద్రలోకి జారుతాడు. కొందరు నిద్రమాత్ర వేసుకుంటారు, కొందరు మద్యం తీసుకుంటారు. అలా పడిన నిద్రలో కాలు కదలదు.

1977లో ఇద్దరు బ్రిటిష్ వైద్యులు ఈ స్థితికి 'ఎకానమీ క్లాస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అది నాకు నచ్చని పేరు. అంతకు మూడేళ్ల ముందే, 1974 జూన్‌లో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఎడమ కాలి సిర వాపుతోనే మధ్యప్రాచ్య దేశాలు తిరిగాడు. వైద్యులు వారించినా వినలేదు. ఆయనది ఎకానమీ సీటు కాదు, సొంత విమానం! ఆగస్టులో పదవి వీడాడు, సెప్టెంబరులో ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది, అక్టోబరు చివర శస్త్రచికిత్స తరువాత చావు అంచుల దాకా వెళ్లి వచ్చాడు. ప్రయాణమే ఆ జబ్బుకు మూలమని నేననను. సీటు ఖరీదును చూసి గడ్డ వెనక్కు తగ్గదని మాత్రం అంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధన ఈ భయానికి ఒక కొలత ఇచ్చింది. నాలుగు గంటలకు మించి కదలక కూర్చొని ప్రయాణిస్తే ముప్పు దాదాపు రెట్టింపు అవుతుంది. విమానమే కాదు, కారైనా, బస్సయినా, రైలయినా అంతే. అయినా ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే. కనుక ప్రయాణాలు మానుకోనక్కరలేదు. ఇదివరకు గడ్డ వచ్చినవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, క్యాన్సరు రోగులు, స్థూలకాయులు మాత్రం ముందుగా వైద్యుడిని అడగాలి. అందరికీ ఆస్పిరిన్ అవసరం లేదు, సొంతంగా వేసుకోవద్దు. 2001లో యాభై దాటిన ప్రయాణికులపై జరిగిన ఒక అధ్యయనంలో బిగుతు మేజోళ్లు తొడగని 116 మందిలో 12 మందికి పైకి తెలియని చిన్న గడ్డలు కనిపించాయి; తొడిగిన 115 మందిలో ఒక్కరికీ లేవు. గంట గంటకూ మడమలు ఎత్తి దించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దిగిన తరువాత నాలుగు వారాల వరకు ఒక కాలు మాత్రమే వాచినా, ఆయాసం గాని, ఛాతీలో పొడుపు గాని వచ్చినా ఆలస్యం చేయకండి. మర్దన అసలే వద్దు.

ఆ పరిశోధనలోనే మరో సంగతి తేలింది. బాగా పొడవైనవారికే కాదు, 160 సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవారికీ ముప్పు ఎక్కువ. పాదాలు నేలకు ఆనక సీటు అంచు తొడల కింద ఒత్తడం ఒక కారణం కావచ్చు. లండన్ మడత కుర్చీలోని ఆ చెక్క బద్దే నాకు గుర్తుకు వచ్చింది. కాన్పులకని అమెరికా వెళ్లే మన తల్లులలో ఆ ఎత్తు దాటినవారు ఎందరు?

మేనల్లుడు మూడు నెలలు మందులు వాడి కోలుకున్నాడు. ఇప్పుడు నడిచేదారి పక్క సీటే అడుగుతాడు. వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, వచ్చే నెల కూతురి దగ్గరకు డల్లాస్ వెళ్తోంది. ఎత్తు నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. మొన్న ఆమె పిక్కలు రెండూ టేపుతో కొలిచి, కాగితం మీద వ్రాసి, పాస్‌పోర్టు సంచిలో పెట్టాను. పాదాల కింద వేసుకోవడానికి ఒక చిన్న గట్టి సంచి కూడా ఇచ్చాను. "అన్నయ్యా, ఇందులో పచ్చడి పెట్టుకోవచ్చా?" అని అడిగింది.