అమ్మ సాదిన చిలుకలు

మంట కాడికి జర జరుగుండ్రి బిడ్డా, చెప్త. మా చిన్నతనంల చిలుకలంటే పగ, చిలుకలంటేనే పానం. జొన్న కంకి పాలు పోసుకున్నదంటే తెల్లారకముందే మంచె ఎక్కి ఒడిశెల తిప్పుడే. గుంపులు గుంపులుగ దిగేటియి. తినేది తక్కువ, కొరికి కింద పడేసేది ఎక్కువ. చేన్ల వాటిని తిట్టుకుంట ఇంటికొచ్చి, ఇంట్ల చిలుకపిల్లకు ముద్దలు పెట్టేటోళ్లం.

చిలుకలు మాఘం, ఫాల్గుణంల తొర్రల గుడ్లు పెడ్తయి. వడ్రంగిపిట్ట తొలిచి ఇడిసిన తొర్రనో, మోడువడ్డ తాడినో ఎతుక్కుంటయి. ఒక యేడు గాలిదుమారానికి మా బాయి కాడి మోడు ఇరిగింది. నాయిన కండువల మూడు పిల్లలను మూటగట్టి తెచ్చిండు. ఒక్క తల్లి పిల్లలే గని ఒకటి పెద్దది, ఒకటి నడిమిది, ఇంకొకటి బొటనవేలంత. మొదటి గుడ్లు పెట్టంగనే తల్లి పొదుగుడు సురువు జేస్తది, అందుకే అన్నీ ఒక్కనాడు పిల్లలు కావు. చిన్నది ఆ రాత్రే పోయింది. మిగిలిన రెండింటిని అమ్మ బతికిచ్చింది.

గుల్లల పాత చీర పేలికలు పరిచి పొయ్యి పక్కకు పెట్టింది. ఈకలు రాని పిల్లకు తిండికన్న ముందు ఎచ్చదనం కావాలె. సల్లబడ్డదానికి ఎంత పెట్టినా అరగది. శెనగపప్పు రాత్రి నానబోసి, తెల్లారి రోట్ల మెత్తగ నూరి, గోరెచ్చని నీళ్లల్ల కలిపేది. పాలు పట్టమని ఇరుగుపొరుగోళ్లు చెప్తే, "ఏ పిట్ట పాలిచ్చి పెంచుతది?" అనేది. మోదుగాకు ముక్కను సన్నగ మడిచి ముక్కు పక్కకు ఆనిచ్చేది. పిల్ల దాన్ని పట్టుకొని తలకాయ గబగబ ఎగేసేది, ఆ ఊపుకే ముద్ద లోపలికి జారేది. నోట్ల కుక్కితే ఊపిరిగొట్టంల పడ్తది, పానం పోతది.

అన్నిటికన్న ఇగురం మెడ కింది సంచి కాడ ఉంటది. తిండి మొదలు ఆన్నే ఆగుతది. తోలు పల్చన, లోపలి పచ్చటి పప్పు పైకే కనవడేది. అమ్మ ఏలుతోని మెల్లగ తాకి చూసి, "ఇంక దిగలే, జరాగు" అనేది. పిల్ల ఎంత మొత్తుకున్నా సంచి దిగనిదే పెట్టకపోయేది.

తర్వాత ముండ్ల లెక్క ఈకలు పొడిచినయి. ముక్కుతోని గీరుకుంట పైపొర రాల్చుకునేటియి. రెండు నెల్లు గాకముందే ఎగిరినయి. పచ్చిమిరపకాయను కాలితోని పట్టుకొని తింటుంటే మాకు కండ్లల్ల నీళ్లొచ్చేటియి, పిట్టకు మాత్రం కారమే తాకది.

ఊర్ల చానామంది రెక్కలు కత్తిరిచ్చి, పంజ్రంల పెట్టి రామరామ అనిపిచ్చేటోళ్లు. అమ్మ పెట్టలే. భద్రాద్రి రామదాసు పోయిన జన్మల చిలుకను పంజ్రంల పెట్టినందుకే గోల్కొండల 12 ఏండ్లు బందీ అయిండని హరికథల ఇన్నదట. ఆ ముచ్చట ఆమె మనసుల నాటుకపోయింది.

పెద్దది వానకాలంల గుంపు ఎంట పోయింది. నడిమిది పోలే. కండ్లు తెరిచింది మా చేతులల్లనాయె! వాకిట్ల గుంపు అరుచుకుంట పోతున్నా తలెత్తకపోయేది. ఎవలొచ్చినా భుజమెక్కేది, దేనికీ భయపడుడు రాలే దానికి. ఒకనాడు పిల్లి వస్తే ఉన్నకాన్నే ఉన్నది. అమ్మ ఆ పొద్దు బువ్వ ముట్టలే.

మా ఇంటికొచ్చినయి కింద పడ్డయి బిడ్డా. అమ్మెటోళ్లు తొర్రల చెయ్యి పెట్టి గుంజుకొస్తరు, సగం తొవ్వలనే సస్తయి. అది తలుచుకుంటె నా కడుపు రగుల్తది. 1972ల వచ్చిన అడవి జంతువుల చట్టం కింద ఇప్పుడు మన దేశపు చిలుకను పట్టుడు, అమ్ముడు, ఇంట్ల పెట్టుకునుడు అన్నీ నేరాలే. 2018ల ఆంధ్రోళ్లు రామచిలుకను రాష్ట్ర పక్షి జేసుకున్నరు.

మీకు ఎన్నడన్న పడ్డ పిల్ల దొరికితే, దెబ్బ తాకకపోతే, తొర్ర అందితే, మళ్ల ఆ తొర్రలనే పెట్టుండ్రి. మనిషి చెయ్యి తాకిందని తల్లి ఇడిసిపెట్టది. అందకపోతే అడవిశాఖోళ్లకు చెప్పుండ్రి. మన బాయి కాడ ఇంకో తాడి మోడువడ్డది, ఇప్పటికే జంట తిరుగుతున్నది. మీ నాయిన దాన్ని కొడ్తనంటే వద్దన్న, కట్టెలకు ఇంకోటి చూసుకొమ్మన్న.