రెక్కలు లేని పురుగులు, తెగిపోయిన బీళ్లు

తడి నేలపై పడియున్న రాయిని ఎత్తగానే, క్రింద దాగిన నల్లని పురుగు ఒకటి గబగబ పరుగెత్తి మరొక చీకటి సందులోనికి దూరుట పల్లెటూరి పిల్లలందరు చూచినదే. అది తరచుగా నేల పెంకు పురుగు. ఈ పురుగులను శాస్త్రజ్ఞులు కారాబిడే కుటుంబంలో చేర్చినారు. ప్రపంచంలో ఇంతవరకు సుమారు 40 వేల జాతులు గుర్తింపబడినవి. వీటిలో పెక్కు జాతులు రాత్రివేళ సంచరించి ఇతర కీటకాలను, వాటి గుడ్లను తింటవి.

గట్టి పైరెక్కల క్రింద సాధారణంగా ఎగురుటకు పనికివచ్చే పలుచని రెక్కలుంటవి. కాని కొన్ని జాతులలో ఆ రెక్కలు కురచబడినవి. అట్టి పురుగు ఎక్కడికి పోవలెనన్నా నడచియే పోవలెను. ఈ చిన్న భేదం ఒక జాతి నిలుచుటకో, నశించుటకో ఎట్లు కారణమైనదో నెదర్లాండ్స్ దేశపు చరిత్ర తెలుపుచున్నది.

ఆ దేశపు ఈశాన్య భాగంలోని డ్రెంటే మండలంలో, హీథర్ అనే పొట్టి పొదలు పెరిగే ఇసుక బీళ్లు విస్తారంగా ఉండేవి. రైతులు అందులో గొర్రెలను మేపి, పైమట్టి పెళ్లలను కోసి పెంటతో కలిపి పొలాలకు ఎరువుగా వేసేవారు. 1833 ప్రాంతంలో దేశమంతటా ఇట్టి బీళ్లు దాదాపు 6 లక్షల హెక్టార్లుండేవి. 19వ శతాబ్దం చివర రసాయనిక ఎరువులు వచ్చినవి. ఉన్ని ధర పడిపోయినది. బీళ్లను దున్ని పొలాలు చేసినారు. కొన్నిచోట్ల పైన్ చెట్లు నాటినారు. నేడు మిగిలినది 50 వేల హెక్టార్లకు లోపే. అదియైనా ఒకేచోట లేదు. పొలాల నడుమ, రోడ్ల నడుమ ముక్కలుముక్కలుగా ఉన్నది.

1959లో వైస్టర్ గ్రామంలోని జీవశాస్త్ర కేంద్రంలో పీటర్ డెన్ బూర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ బీళ్లలో పరిశోధన ప్రారంభించినాడు. ఆయన సాధనం మిక్కిలి సామాన్యమైనది: అంచు నేలమట్టానికి వచ్చునట్లు పాతిన డబ్బా. నడచిపోయే పురుగు అందులో పడును. పడినవాటిని జాతులవారీగా లెక్కించుటయే పని. ఈ లెక్క ఏండ్ల తరబడి సాగినది.

లెక్కలలో ఒక విశేషం బయటపడినది. ఒకే జాతి పురుగులు ఒక మూల పెరుగుచుండగా, మరొక మూల అదే ఏట తగ్గుచుండెను. ఎండ, వాన, చలి అన్ని చోట్ల ఒకే విధంగా బాధింపవు. కనుక ప్రమాదం పలు సమూహాలకు పంచబడి, జాతి మొత్తం నిలుచును. దీనినే డెన్ బూర్ 1968లో ‘ప్రమాద విభజన’ సిద్ధాంతంగా ప్రకటించినాడు. చిన్న సమూహమొకటి నశించుట వింత కాదు. ప్రక్క సమూహం నుండి పురుగులు వచ్చి ఆ చోటు నింపవలెను. గొలుసుకట్టు చెరువులలో ఒకటి ఎండినా, పై చెరువు అలుగు పారినచో మరల నిండును. నడుమ కాలువ పూడినచో నిండదు.

బీళ్ల మధ్య కాలువ పూడినట్లే జరిగినది. హాన్స్ ట్యూరిన్, డెన్ బూర్ 1880 నుండి దేశంలో నమోదైన నేల పెంకు పురుగుల వివరాలను పరిశీలించి, 1988లో ఫలితాలు ప్రకటించినారు. దూరం పోలేని జాతులే హెచ్చుగా క్షీణించినవి. బాగుగా ఎగురగలవి అంతగా దెబ్బతినలేదు. తడి బీళ్లలో నివసించే అగోనమ్ ఎరిసెటి అనే ఎగురలేని పురుగు చిన్న ముక్కలలో నిలువలేకపోవుట తరువాతి పరిశోధనలో తేలినది. పొరుగుదేశమైన జర్మనీలో మాడర్ అనే శాస్త్రజ్ఞుడు అడవి పురుగులకు గుర్తులు పెట్టి విడువగా, అవి రోడ్డును దాటుట మిక్కిలి అరుదని 1984లో తెలిపినాడు. మనిషికి నాలుగు అడుగులైన రోడ్డు వాటికి దాటరాని ఎల్ల.

అందుచేత ఒక బీడు ముక్కకు కంచె వేసి కాపాడినంత మాత్రాన చాలదు. పురుగు కంచెలోపల ఈనాడు ఉండవచ్చును. కాని ఒక చెడ్డ సంవత్సరంలో అది నశించినచో, తిరిగి వచ్చుటకు దారి లేదు. విస్తీర్ణంతోపాటు నేల గుణం కూడా కాపాడవలెను. గాలి ద్వారా వచ్చి పడే నత్రజని వలన అనేక బీళ్లలో హీథర్ తగ్గి గడ్డి బలిసినది. వైస్టర్ ప్రాంతపు డబ్బాల లెక్కలను బట్టి, 27 ఏండ్ల కాలానికి నేల పెంకు పురుగుల మొత్తం బరువు కనీసం 42 శాతం తగ్గినట్లు 2020లో ప్రకటించినారు.

ఈ పాఠం వ్యర్థం కాలేదు. డ్వింగెల్డర్‌ఫెల్ట్ అనే పెద్ద బీడు 1991లో జాతీయ వనమైనది. 2010 తరువాత దాని నడుమనున్న పొలాల ఎరువు మట్టిని తొలగించి, మరల బీడుగా మార్చి, తెగిన భాగాలను కలిపినారు.

మన వరి మడులలో కూడ ఓఫియోనియా అనే నేల పెంకు పురుగు ఆకుముడత పురుగులను, దోమలను తినుచున్నది. అట్టి మిత్రుడు పొలంలో ఎన్ని ఉన్నవో తెలిసికొనుటకు గట్టుప్రక్కన పాతిన ఒక డబ్బా, ఒక నోటుపుస్తకం చాలును. డెన్ బూర్ ప్రారంభించినది కూడ వాటితోనే.